పామాయిల్ మిల్లు మురుగునీటిని సూక్ష్మజీవులతో శుద్ధి చేయడం ఎలా? సమగ్ర మార్గదర్శి

పామాయిల్ తీయడానికి ఆవిరి, వేడినీళ్లు, ఒత్తిడి చాలు. రసాయన ద్రావకాలేవీ వాడరు కాబట్టి మిల్లు మురుగునీటిలో విషాలు ఉండవు. అందులో ఉన్నదల్లా తిండే: పిండిపదార్థాలు, ప్రొటీన్లు, నూనె, సన్నని పీచు. చిక్కంతా ఆ తిండితోనే వస్తుంది. అది వాగులో కలిస్తే అక్కడి బ్యాక్టీరియా దాన్ని తింటూ నీటిలోని ఆక్సిజన్‌ను హరించేస్తుంది, చేపలు ఊపిరాడక తేలిపోతాయి. అదే తిండిని మనం కట్టిన ట్యాంకులో, మనం పెట్టిన వేళకు, మనం పెట్టినంతే తినేలా చేస్తే గ్యాసు, ఎరువు, సాగునీరు చేతికొస్తాయి.

ఆయిల్ పామ్ సాగులో ఆంధ్రప్రదేశ్‌ది దేశంలోనే మొదటి స్థానం. పెదవేగి, అశ్వారావుపేట, అప్పారావుపేట ప్రాంతాల వారికి మిల్లులు కొత్త కాదు. 2021లో వంటనూనెల జాతీయ మిషన్ మొదలయ్యాక తెలంగాణలో ఇంతకుముందు ఈ పంట ఎరుగని జిల్లాల్లోనూ తోటలు పెరిగాయి. అవి కాపుకొస్తున్న కొద్దీ కొత్త మిల్లులూ వస్తాయి. ఆ మిల్లుల్లో శుద్ధి కేంద్రం చూసుకునే ఆపరేటర్లు, కొత్తగా చేరిన ఇంజినీర్లు, మిల్లు పక్కనే బతికే ఊళ్ల వారు తెలుసుకోవలసిన సంగతులు ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్పాలి. ఈ పనిలో ఎక్కువ నష్టం తొందరపాటు వల్లే జరుగుతుంది. బ్యాక్టీరియాకు ఎంత తిండి పెట్టాలన్నది మిల్లు ఉత్పత్తిని బట్టి కాక, ట్యాంకు ఆరోగ్యాన్ని బట్టి నిర్ణయించాలి.

మొదటి అడుగు: నీటిని కొలవండి

మురుగునీరు మిల్లులో మూడు చోట్ల పుడుతుంది. గెలలను ఆవిరితో ఉడికించే స్టెరిలైజర్ నుంచి కారే నీరు ఒకటి. నూనెను తేర్చే చోట మిగిలే మడ్డినీరు రెండోది. మొత్తంలో సగానికి పైగా ఇదే. గింజ పప్పును, పెంకును వేరు చేసే చోట వచ్చే కొద్దిపాటి నీరు మూడోది. అన్నీ కలిపి టన్ను గెలలకు దాదాపు 0.65 ఘనపు మీటర్లు వస్తుందని లెక్క.

గంటకు 20 టన్నుల గెలలు ఆడే మిల్లును ఉదాహరణగా తీసుకుందాం. రోజుకు 20 గంటలు నడిస్తే 400 టన్నులు, అంటే 260 ఘనపు మీటర్ల మురుగునీరు. ఇది 80 నుంచి 90 డిగ్రీల వేడితో, 4 నుంచి 5 మధ్య పీహెచ్‌తో బయటికొస్తుంది. లీటరుకు సుమారు 25,000 మిల్లీగ్రాముల బీఓడీ (నీటిలోని తిండిని తినడానికి బ్యాక్టీరియాకు కావలసిన ఆక్సిజన్), 50,000 మిల్లీగ్రాముల సీఓడీ (దాన్ని రసాయనాలతో విడగొట్టడానికి కావలసిన ఆక్సిజన్), 18,000 మిల్లీగ్రాముల తేలియాడే ఘనపదార్థాలు, 4,000 నుంచి 6,000 మిల్లీగ్రాముల నూనె, జిడ్డు ఉంటాయి. అంటే రోజుకు 6,500 కిలోల బీఓడీ, 13,000 కిలోల సీఓడీ. మనిషికి రోజుకు 45 గ్రాముల బీఓడీ చొప్పున చూస్తే, లక్షా నలభై వేల జనాభా ఉన్న పట్టణం వదిలే మురుగుకు ఈ ఒక్క మిల్లు మురుగు సాటి.

పుస్తకాల్లోని ఈ అంకెలతో డిజైన్ ముగించకండి. కాలువకు ప్రవాహాన్ని కొలిచే మీటరు పెట్టి, కనీసం నెల రోజులు రాసుకోండి. గెలలు ఎక్కువగా వచ్చే వానాకాలంలో కొలిస్తే ఇంకా మంచిది. వాన నీటి కాలువను మురుగు కాలువతో ఎట్టి పరిస్థితిలోనూ కలపవద్దు. గెలలు పోటెత్తే నెలల్లోనే వానలూ పడతాయి. రెండూ కలిసి ట్యాంకులోకి వస్తే బ్యాక్టీరియా తిండి తినకముందే బయటికి కొట్టుకుపోతుంది.

రెండో అడుగు: ఎక్కడికి వదలాలో తేల్చుకోండి

మిల్లు కట్టడానికి ముందు, నడపడానికి ముందు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నుంచి విడివిడిగా అనుమతులు తీసుకోవాలి. దేశంలోని సాధారణ ప్రమాణాల ప్రకారం వాగులు, నదుల వంటి జలవనరుల్లోకి వదిలే నీటిలో లీటరుకు బీఓడీ 30, సీఓడీ 250, తేలియాడే ఘనపదార్థాలు 100, నూనె 10 మిల్లీగ్రాములు మించకూడదు. సాగు భూమికి పెట్టే నీటికి బీఓడీ 100, ఘనపదార్థాలు 200 వరకు అనుమతి ఉంది, నూనె మాత్రం 10 దాటకూడదు. పీహెచ్ రెండింటికీ 5.5 నుంచి 9 మధ్య ఉండాలి. మీ అనుమతి పత్రంలో ఇంతకంటే కఠినమైన షరతు ఉంటే అదే చెల్లుతుంది.

చుట్టూ తోటలున్న మిల్లుకు సాగునీటి దారే మేలని నా అభిప్రాయం. బీఓడీని 100 నుంచి 30కి దించడానికి కరెంటు ఖర్చు బాగా పెరుగుతుంది. పైగా ఈ నీటిలో చెట్టుకు కావలసిన పొటాషియం దండిగా ఉంది, దాన్ని వాగుపాలు చేయడం రైతుకు అన్యాయం.

మూడో అడుగు: నూనె తీసేయండి, నీటిని చల్లార్చండి

శుద్ధిలో సగం పని బ్యాక్టీరియా దగ్గరికి వెళ్లకముందే జరగాలి. పై మిల్లులో లీటరుకు 4,000 మిల్లీగ్రాముల లెక్కన చూసినా రోజుకు టన్నుకు పైగా నూనె, జిడ్డు మురుగులో పోతోంది. అంతా వెనక్కి రాదు గాని, చాలా భాగం వస్తుంది. మురుగు మొదట చేరే నూనె గుంటలో నీరు వేడిగా, కదలకుండా ఉండాలి. అప్పుడే నూనె పైకి తేలుతుంది. ప్రతి షిఫ్టులో ఆ తెట్టును తీయించండి. నూనె గుంట నిండా ఎర్రటి పొర కనిపిస్తుంటే లోపం మిల్లులోనే, నూనె తేర్చే చోట ఉంది. ఆ సంగతి ప్రొడక్షన్ వారికి అదే రోజు చెప్పాలి.

నూనె మీద ఇంత పట్టింపు ఎందుకంటే, అది విడిపోయినప్పుడు వచ్చే పొడవైన కొవ్వు ఆమ్లాలు బ్యాక్టీరియా ఒంటికి పూతలా అంటుకుంటాయి. ఇక దానికి తిండి అందదు. కొవ్వు పట్టిన బురద తేలికై పైకి తేలి, శుద్ధి నీటితో పాటు బయటికి పోతుంది. ట్యాంకు ఒకేసారి తిండినీ, తినే జీవులనూ కోల్పోతుంది.

ఆ తరువాత చల్లార్చడం. మనకు కావలసిన మీథేన్ బ్యాక్టీరియా (గాలి సోకని ట్యాంకులో తిండిని మండే గ్యాసుగా మార్చేవి) 35 నుంచి 38 డిగ్రీల మధ్య హాయిగా పనిచేస్తుంది. 55 డిగ్రీల దగ్గర పనిచేసే జాతులూ ఉన్నాయి, అవి వేగంగా తింటాయి, కానీ చిన్న మార్పుకే బెదిరిపోతాయి. కొత్త బృందానికి నేను 37 డిగ్రీలే చెబుతాను. కూలింగ్ టవర్ పెడితే పీచు, జిడ్డు పట్టి త్వరగా మూసుకుపోతుంది. రెండు మూడు రోజుల నీరు పట్టే చల్లార్పు గుంట నమ్మకమైనది. అదే గుంట మిల్లు ఆగిన వేళ నిల్వగా కూడా ఉపయోగపడుతుంది.

ఇక్కడ చాలామంది సున్నం బస్తాలు దించుతారు. పచ్చి మురుగు పీహెచ్ 4 ఉంది కదా, 7కు తేవాలి కదా అనుకుంటారు. రోజూ సున్నం అక్కర్లేదు. శుద్ధయిన ట్యాంకు నీటిలో క్షారత (పులుపును విరిచే గుణం) పుష్కలంగా ఉంటుంది. ఒక వంతు పచ్చి మురుగుకు ఒకటి రెండు వంతుల శుద్ధి నీటిని వెనక్కి తెచ్చి కలిపితే పులుపు విరుగుతుంది, వేడీ తగ్గుతుంది, బ్యాక్టీరియా కూడా కలుస్తుంది. సున్నం ఎక్కువైతే గొట్టాల్లో గారలా పేరుకుపోతుంది.

నాలుగో అడుగు: గుంటలా, మూసిన ట్యాంకా?

పాత పద్ధతి లోతైన గుంటలు. మలేసియాలో ఇప్పటికీ చాలా మిల్లులు ఇలాగే నడుస్తాయి. గాలి సోకని గుంటలు 5 నుంచి 7 మీటర్ల లోతు ఉంటాయి. ఘనపు మీటరు గుంటకు రోజుకు 0.35 కిలోల బీఓడీకి మించకుండా చూస్తే, మన ఉదాహరణ మిల్లుకు దాదాపు 19,000 ఘనపు మీటర్ల గుంటలు కావాలి. గట్లు, వాలు కలుపుకుంటే ఎకరంన్నర పోతుంది, తరువాతి దశల గుంటలకు వేరే భూమి కావాలి. ఖర్చు తక్కువ, కరెంటు అక్కర్లేదు. కానీ పుట్టిన మీథేన్ అంతా ఆకాశంలోకి పోతుంది. వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే అది 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. వాసన ఊరిని పట్టుకుంటుంది. అడుగున మందపాటి ప్లాస్టిక్ పొర వేయకపోతే భూగర్భజలం చెడుతుంది. గోదావరి డెల్టా వంటి చోట్ల నీరు పైపైనే ఉంటుంది కాబట్టి ఇది చిన్న సంగతి కాదు.

మూసిన బయోగ్యాస్ ట్యాంకు అయితే ఘనపు మీటరుకు రోజుకు 2.5 కిలోల సీఓడీ తట్టుకుంటుంది. 13,000 కిలోలకు 5,200 ఘనపు మీటర్లు చాలు. నీరు లోపల 20 రోజులు ఉంటుంది. లోపల కలియబెట్టే ఏర్పాటు తప్పనిసరి, లేకుంటే పైన తెట్టు గట్టిపడి, అడుగున బురద పేరుకుని, మధ్యలో నీరు దారి చేసుకుని పోతుంది. పీచు, ఘనపదార్థాలు ఇంత ఎక్కువగా ఉన్న నీటికి, బురద దుప్పటి గుండా నీటిని పైకి పంపే రకం రియాక్టరు నేరుగా పనికిరాదు.

కొత్త మిల్లయితే మూసిన ట్యాంకు, గుంటలున్న పాత మిల్లయితే వాటి మీదే గ్యాసు పట్టే కప్పు వేయించడం: నన్నడిగితే ఇదే చెబుతాను.

మధ్యధరా తీరంలో ఆలివ్ నూనె మిల్లుల వారి కష్టం ఇంతకంటే పెద్దది. వారి నీటిలోని ఫీనాల్స్ బ్యాక్టీరియాను చంపుతాయి, నత్రజని తక్కువ, పైగా నీరు ఏడాదిలో కొన్ని నెలలే వస్తుంది. 1990లలో స్పెయిన్ మిల్లులు నీరు తక్కువ వాడే యంత్రాలకు మారడానికి ఈ మురుగు పెద్ద కారణం. మన పామాయిల్ నీటిలో లీటరుకు 750 మిల్లీగ్రాముల దాకా నత్రజని ఉంది. యూరియా కలపనక్కర్లేదు, నీరు ఏడాది పొడవునా వస్తుంది. బ్యాక్టీరియాకు ఇంతకంటే అనుకూలమైన తిండి దొరకడం అరుదు.

అయిదో అడుగు: ట్యాంకును మొదలుపెట్టడం

అన్నిటికంటే ఓపిక కావలసింది ఇక్కడే. ఇప్పటికే నడుస్తున్న పామాయిల్ బయోగ్యాస్ ట్యాంకు బురద దొరికితే అదే శ్రేష్ఠం. దొరకకపోతే తాజా ఆవుపేడ లేదా గేదెపేడను సమానంగా నీళ్లలో కలిపి, గడ్డి, రాళ్లు లేకుండా వడగట్టి పోయాలి. ట్యాంకులో పదో వంతు నుంచి అయిదో వంతు వరకు ఈ తోడు ఉండాలి. మిగతా భాగం మంచినీటితో నింపి, 35 డిగ్రీలకు తెచ్చి, గ్యాసు మొదలయ్యే వరకు ఆగండి.

తరువాత ఘనపు మీటరుకు 0.3 కిలోల సీఓడీతో మొదలుపెట్టండి. మన ట్యాంకుకు అది రోజుకు 31 ఘనపు మీటర్లు. పరీక్షలు బాగుంటేనే వారానికి 20 శాతం పెంచండి. ఈ లెక్కన పూర్తి 260కి చేరడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. ఈ మూడు నెలలూ మిగిలిన మురుగు ఎక్కడికి పోవాలో ముందే ఏర్పాటు చేసుకోవాలి. లేకుంటే యాజమాన్యం ఒత్తిడికి అంతా ఒకేసారి ట్యాంకులోకి తోసేస్తారు, ట్యాంకు పులిసిపోతుంది, మళ్లీ మొదటికే వస్తుంది. మిల్లు ప్రారంభోత్సవానికి మూడు నెలల ముందే ట్యాంకులో పేడ పడాలన్నది నేను గట్టిగా చెప్పే మాట. అప్పటికి మురుగు ఉండదు కాబట్టి వేరే మిల్లు నుంచి ట్యాంకర్లతో కొద్దికొద్దిగా తెచ్చుకోవచ్చు.

రోజువారీ మోతాదును కూడా 24 గంటలకూ పంచండి. ఉదయం ఒక్కసారే పంపితే మధ్యాహ్నానికి ఆమ్లాలు పెరుగుతాయి, రాత్రికి బ్యాక్టీరియా పస్తుంటుంది.

ఆరో అడుగు: రోజూ చేసే పరీక్ష

ట్యాంకులో రెండు రకాల జీవులు వరుసగా పనిచేస్తాయి. మొదటివి తిండిని ఆమ్లాలుగా మారుస్తాయి. ఇవి మొండివి, వేగంగా పెరుగుతాయి. రెండోవి ఆ ఆమ్లాలను మీథేన్‌గా మారుస్తాయి. ఇవి నెమ్మది, సున్నితం. మొదటివి చేసినంత వేగంగా రెండోవి తినలేకపోతే ఆమ్లం పేరుకుంటుంది. దాన్ని పట్టిచ్చే పరీక్ష ఆమ్లాలకు, క్షారతకు ఉన్న నిష్పత్తి.

ట్యాంకు నీటిని సన్నని జల్లెడలో వడగట్టి 20 మిల్లీలీటర్లు బీకరులో తీసుకోండి. పీహెచ్ మీటరు ముంచి, కలియబెడుతూ, 0.1 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని బ్యూరెట్ నుంచి చుక్కచుక్కగా వదలండి. పీహెచ్ 5.0కు చేరేసరికి ఎన్ని మిల్లీలీటర్లు అయిందో రాసుకోండి. మళ్లీ 4.4కు చేరే వరకు అదనంగా ఎంత పట్టిందో వేరుగా రాయండి. మొదటి అంకెను 250తో గుణిస్తే క్షారత. రెండో అంకెను 1.66తో గుణించి, 0.15 తీసేసి, 500తో గుణిస్తే ఆమ్లాలు.

మొదటిది 24, రెండోది 2 అయితే క్షారత 6,000, ఆమ్లాలు 1,585, నిష్పత్తి 0.26. ట్యాంకు బాగుంది. రెండోది 4కు పెరిగితే ఆమ్లాలు 3,245, నిష్పత్తి 0.54. ఆ రోజే మోతాదు తగ్గించాలి. 0.3 లోపు ఉంటే పెంచవచ్చు, 0.4 దాటితే ఆగాలి.

పీహెచ్ ఒక్కటే చూసుకుంటూ కూర్చోకండి. క్షారత అడ్డుపడుతున్నంత కాలం పీహెచ్ 7 దగ్గరే నిలబడుతుంది. ముందు ఆమ్లాలు పెరుగుతాయి, తరువాత గ్యాసులో మీథేన్ శాతం తగ్గుతుంది, అన్నిటికంటే ఆఖరున పీహెచ్ పడిపోతుంది. అప్పటికి చేయి దాటిపోయినట్టే.

ట్యాంకు జబ్బుపడితే

తిండి ఆపండి, కలియబెట్టడం ఆపకండి. ఏం జరిగిందో వెతకండి: నూనె గుంట పొంగిందా, చల్లార్చకుండా వేడినీరు వచ్చిందా, ట్యాంకులు కడిగిన కాస్టిక్ సోడా కాలువలో పడిందా? తరువాతి గుంటల నుంచి శుద్ధి నీటిని వెనక్కి తిప్పండి. పీహెచ్ 6.5 కంటే తగ్గితేనే సోడియం బైకార్బొనేట్ వాడండి. మన ట్యాంకులో క్షారతను లీటరుకు 1,000 మిల్లీగ్రాములు పెంచాలంటే దాదాపు 8.7 టన్నుల బైకార్బొనేట్ కావాలి. రోజూ చేసే పావుగంట పరీక్ష విలువ ఆ బిల్లు చూస్తే తెలుస్తుంది. నిష్పత్తి 0.3కు దిగాక సగం మోతాదుతో మళ్లీ మొదలుపెట్టండి.

గెలలు బాగా తగ్గే నెలల్లో ట్యాంకు పస్తుంటుందని భయపడనక్కర్లేదు. ఈ జీవులు నెలల తరబడి ఆకలిని ఓర్చుకుంటాయి. సీజన్ తిరిగి మొదలైనప్పుడు మాత్రం మోతాదును మెట్లు మెట్లుగా పెంచాలి.

ఏడో అడుగు: గ్యాసు, ప్రాణభద్రత

ఒక కిలో సీఓడీ తగ్గితే 0.35 ఘనపు మీటర్ల మీథేన్ వస్తుంది. 80 శాతం తగ్గితే మన మిల్లులో రోజుకు 3,600 ఘనపు మీటర్లు. లీకులు, ఒడుదొడుకులు పోను 3,000 అనుకున్నా గ్యాసు ఇంజినుతో రోజుకు పది వేల యూనిట్లకు పైగా కరెంటు తీయవచ్చు. బాయిలర్లో కాల్చితే, అందులో ఇప్పటిదాకా వేస్తున్న పెంకులు అమ్మకానికి మిగులుతాయి. రెండూ కుదరని రోజున గ్యాసును మండించి వదలాలి, పచ్చిగా వదలకూడదు.

ఈ గ్యాసులో వెయ్యి నుంచి మూడు వేల పీపీఎం (పది లక్షల భాగాల్లో ఇన్ని భాగాలు) వరకు హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. అది ఇంజినును తినేస్తుంది. కొద్దిగా గాలి పంపి, గంధకాన్ని తినే బ్యాక్టీరియాతో కడిగే టవరు పెడితే తగ్గుతుంది. కానీ ఇంజిను కంటే మనిషి ముఖ్యం. కొద్దిపాటి సల్ఫైడ్ కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. వంద పీపీఎం దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన లేదు కదా అని దిగిన మనిషి కుప్పకూలుతాడు, అతన్ని పట్టుకోవడానికి దిగిన రెండో మనిషీ పోతాడు. ఖాళీ చేసిన ట్యాంకులోకైనా, మూసిన గుంటలోకైనా గ్యాసు కొలిచే పరికరం, గాలి పంపే బ్లోయరు, ఒంటికి తాడు, పైన ఇద్దరు మనుషులు లేకుండా ఎవరినీ దించవద్దు. ఈ విషయంలో ఎవరి హోదానూ చూడవద్దు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం ఉంటే నిప్పురవ్వ చాలు, పేలుతుంది. వెల్డింగు, బీడీ, సిగరెట్టు ఆ చుట్టుపక్కలకు రాకూడదు.

ఎనిమిదో అడుగు: గాలి ఇచ్చి శుద్ధి చేయడం

మూసిన ట్యాంకు దాటిన నీటిలో ఇంకా 1,500 నుంచి 2,000 మిల్లీగ్రాముల బీఓడీ మిగులుతుంది. బురదను తేర్చి, ఆ నీటిని గాలి పంపే ట్యాంకుకు తీసుకెళ్లాలి. మన మిల్లుకు 1,200 ఘనపు మీటర్ల ట్యాంకు, దాదాపు 30 కిలోవాట్ల ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) సరిపోతాయి. లీటరు నీటిలో కరిగిన ఆక్సిజన్ 2 మిల్లీగ్రాములు, బ్యాక్టీరియా బురద 3,000 నుంచి 4,000 మిల్లీగ్రాములు ఉండాలి.

లీటరు గాజు జాడీలో ఆ నీటిని నింపి అరగంట కదపకుండా ఉంచండి. గోధుమరంగు బురద దిగి 250, 300 మిల్లీలీటర్ల గీత దగ్గర నిలిచి, పైన తేట కనిపిస్తే సంతోషం. 800 దగ్గరే ఉబ్బి నిలిచిపోతే దారపు పోగుల వంటి బ్యాక్టీరియా పెరిగిందని అర్థం. ఆక్సిజన్ చాలడం లేదేమో, నూనె వస్తోందేమో చూడాలి. నల్లబడి వాసన వేస్తే ఏరేటరు ఆగి ఉంటుంది.

శుద్ధయిన నీరు టీ రంగులోనే ఉంటుంది. లిగ్నిన్, టానిన్ల వంటివి ఈ జీవులకు అరగవు. బీఓడీ ప్రమాణంలో ఉంటే తోటకు ఆ రంగు అడ్డు కాదు.

తొమ్మిదో అడుగు: బురద, ఖాళీ గెలలు, తోట

400 టన్నుల గెలలు ఆడితే దాదాపు 88 టన్నుల ఖాళీ గెలలు మిగులుతాయి. వాటిని చీల్చి, వరుసలుగా పోసి, ట్యాంకు బురదను, నీటిని చల్లుతూ, వారానికి ఒకటి రెండుసార్లు తిరగేస్తే పది వారాల్లో కంపోస్టు అవుతుంది. లోపలి వేడి 60 డిగ్రీల దాకా పోతుంది, ఆ వేడికి నీరు ఆవిరవుతుంటే కుప్ప మళ్లీ నీటిని పీల్చుకుంటుంది. వానాకాలంలో పైన కప్పు లేకపోతే కుప్ప నుంచి నల్లటి నీరు కారి పోతుంది. కప్పుకు ఖర్చు పెట్టండి.

శుద్ధి నీటిలో పొటాషియం తగ్గదు. లీటరుకు 2,200 మిల్లీగ్రాములు ఉంటే మన మిల్లు రోజుకు టన్నుకు పైగా మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌తో సమానమైన ఎరువును కాలువలో పంపుతున్నట్టు. నీరు పెట్టిన తోటలో ఆ మేరకు బస్తాలు తగ్గించమని రైతుకు చెప్పాలి, నీటి పరీక్ష ఫలితం కాగితం మీద ఇవ్వాలి. పెదవేగిలో భారతీయ ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉంది, మోతాదు లెక్కకు అక్కడి శాస్త్రవేత్తల సలహా తీసుకోవచ్చు.

నేల తడిసి ఉన్నప్పుడు నీరు పెట్టకండి. వానాకాలానికి కనీసం నెల రోజుల నీరు పట్టే నిల్వ గుంట కావాలి. నీరు పెట్టే తోట చుట్టూ ఉన్న బోర్ల నీటిని వానలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి పరీక్ష చేయించండి. నైట్రేట్, లవణాలు ముందటి ఏడాది కంటే పెరిగితే ఆ తోటకు నీరు ఆపి, మరో తోటకు మళ్లించండి.